రోటరీ ఇంజను పునర్జన్మలు

1970 ప్రాంతమున పశ్చిమ జర్మనీ రహదారులపై ఒక వింత మర్యాద ఉండెడిదని చెప్పుకొందురు. ఎన్.ఎస్.యు. సంస్థవారి రో 80 అను కారును నడుపుచున్న పెద్దమనిషి, ఎదురుగా అట్టి కారులోనే వచ్చుచున్న మరియొక పెద్దమనిషిని చూచి చేయి ఎత్తి రెండు వ్రేళ్ళు చూపును. ఆయన బదులుగా మూడు వ్రేళ్ళు చూపును. అది విజయచిహ్నము కాదు, పలకరింపు అంతకంటె కాదు. తమ కారులో అంతవరకు ఎన్ని ఇంజనులు మార్చవలసివచ్చినదో ఒకరికొకరు చెప్పుకొను లెక్క. ఈ కథలో వేళాకోళపు పాలు కొంత ఉన్నను, దాని వెనుకనున్న కష్టము మాత్రము నిజమైనదే.

ఆ ఇంజనులలో పెక్కింటిని కర్మాగారమే తన ఖర్చున మార్చి ఇచ్చెను. కొన్నవారిపట్ల చూపిన ఆ న్యాయబుద్ధియే సంస్థ బొక్కసమును ఖాళీ చేసెను. యంత్రము అరిగి తిరిగి వచ్చినపుడు చేసినవాడు ఏమి చేయవలెను, కొన్నవాడు ఏమి కోరవచ్చును అను ప్రశ్న ప్రతి యంత్రమునకు ఉన్నదే. రోటరీ ఇంజను విషయమున ఆ ప్రశ్నయే చరిత్ర అయి కూర్చున్నది. కర్మాగారమున విప్పి, కొలిచి, మరల కూర్చి అమ్మెడి పునర్నిర్మిత ఇంజను ఆ ప్రశ్నకు చిట్టచివరకు దొరికిన సమాధానము. ఆ సమాధానము ఎట్లు ఏర్పడెనో, దానిని కొన్నవారు ఆకురాయి చేతబట్టి దానినేమి చేసిరో నేడు ముచ్చటింతము.

ముందు యంత్రపు తీరు కొంచెము తెలిసికొనవలెను. సామాన్యమైన మోటారు ఇంజనులో పిస్టను సిలిండరునందు పైకి క్రిందికి ఆడును. ఆ ఆటను క్రాంకు ఇరుసు తిరుగుడుగా మార్చును. రోటరీ ఇంజనులో పైకి క్రిందికి ఆడునది ఏదియు లేదు. మన ఇండ్లలోని రుబ్బురోలును తలచుకొన్న సంగతి తేలికగా బోధపడును. పొత్రము తన చుట్టు తాను తిరుగుచునే, గుంట గోడను ఒరసికొనుచు పోవును. ఇక్కడ పొత్రము గుండ్రనిది కాదు. ప్రక్కలు కొంచెము ఉబ్బిన త్రికోణము. గుంటయు గుండ్రనిది కాదు. నడుమ ఇరువైపుల స్వల్పముగా నొక్కినట్లున్న అండాకారము. త్రికోణమును రోటరు అనియు, దాని గూటిని హౌసింగు అనియు అందురు. రోటరు మూడు కొనలును ఎల్లప్పుడు గోడను తాకుచునే ఉండును గనుక నడుమ మూడు అరలు ఏర్పడును. రోటరు తిరుగుచుండగా ఒక్కొక్క అర పెరుగుచు తరుగుచు, ఇంధనము కలిసిన గాలిని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులను వరుసగా నెరవేర్చును. రోటరు ఒక చుట్టు తిరుగునంతలో దాని నడుమనున్న ఇరుసు మూడు చుట్లు తిరుగును. కవాటములు లేవు, వాటిని లేపు సరంజామాయు లేదు. గోడలలోని ద్వారములను తిరుగుచున్న రోటరే మూయును, రోటరే తెరచును. అందుచే ఇంజను చిన్నది, తేలికైనది, అదురు లేనిది.

ఇంత అందమైన ఏర్పాటునకు దిష్టిచుక్క ఒకటి ఉన్నది. రోటరు కొనలయందు సన్నని గాడులు, ఆ గాడులలో లోహపు పలకలు కలవు. వీటిని మనము కొనసీళ్ళు అందము. గోడను తాకునది ఈ పలక అంచు మాత్రమే. పిస్టనుకు రింగులు రెండో మూడో ఉండును. ఒకటి తడబడిన మరియొకటి ఆదుకొనును. కొనసీలు ఒంటరిది, ఒక అరకును మరియొక అరకును నడుమ కట్ట అది యొక్కటే. పైగా ఈ హౌసింగులో మంట ఎల్లప్పుడు ఒక ప్రక్కనే మండును, మరియొక ప్రక్కకు ఎల్లప్పుడు చల్లగాలియే వచ్చును. కావున గోడ అంతటను ఒకే తీరున వ్యాకోచింపదు. ఇరుసు నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునపుడు, ఆ పలక అట్టి గోడను నిమిషమునకు 2,000 సారులు చుట్టి రావలెను. అది అరిగినను, విరిగినను, గాడిలో మసి పట్టి బిగుసుకొనినను ఇంజను పని ముగిసినట్లే.

ఈ యంత్రమును భావించినవాడు ఫెలిక్స్ వాంకెల్. 1902 లో జర్మనీలోని లార్ పట్టణమున జన్మించెను. విశ్వవిద్యాలయపు మెట్టు ఎక్కినవాడు కాదు. 1924 లో హైడెల్బర్గున చిన్న పనిశాల పెట్టుకొని తన విద్య తానే నేర్చుకొనెను. తిరుగుడు యంత్రమును గూర్చిన అతని తొలి పేటెంటు 1929 నాటిది. అతడు నాజీ పక్షమున చేరి, ఆ పక్షమువారితోనే కలహించి 1933 లో చెరసాల చూచి, మరల ఆ ప్రభుత్వపు విమానశాఖకే పనిచేసినవాడు. ప్రతిభను పొగడునపుడు ఈ మచ్చను మరుగుపరచుట మర్యాద కాదు. ఆ కొలువులో అతడు గడించిన నేర్పు, కదలుచున్న భాగముల సందులనుండి వాయువు జారిపోకుండ బంధించుట. అనగా సీళ్ళ విద్యయే. అట్టివాని ఇంజను సీళ్ళ చేతనే అపకీర్తి పాలగుట విధివిలాసము. హ్రస్వదృష్టి కారణముగా అతడు జీవితాంతము కారు నడుపు లైసెన్సు పొందలేదనుట మరియొక వింత.

నెకార్సుల్ములోని ఎన్.ఎస్.యు. అల్లిక యంత్రములతో మొదలుపెట్టి, సైకిళ్ళకు, అటుపిమ్మట మోటారు సైకిళ్ళకు ఎక్కివచ్చిన సంస్థ. వాంకెల్ 1951 లో వారితో కలిసెను. 1957 ఫిబ్రవరి 1న మొదటి ఇంజను నడిచెను. అందులో రోటరుతోపాటు హౌసింగు కూడ తిరుగుచుండెడిది; స్పార్కు ప్లగ్గు మార్చవలెనన్నను ఇంజనును విప్పవలసినదే. సంస్థలోని ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె హౌసింగును కదలనీయక నిలిపి, రోటరు మాత్రమే తిరుగునట్లు దానిని సరళము చేసెను. తన పందెపు గుర్రమును నాగలికి కట్టిరని వాంకెల్ నొచ్చుకొనెనని వాడుక. ఏమైనను, కారులోనికి ఎక్కినది ఆ నాగలి గుర్రమే. 1964 లో స్పైడర్ అను రెండు సీట్ల చిన్న కారులోను, 1967 లో రో 80 లోను అది లోకమునకు వెల్లడి అయ్యెను.

రో 80 నిజముగా చూడముచ్చటైన కారు. గాలిని చీల్చుకొనిపోవు దేహము, నాలుగు చక్రములకు డిస్కు బ్రేకులు, రెండు రోటర్లు, 995 సి.సి., 115 అశ్వశక్తి. ఐరోపా పత్రికా రచయితలు 1968 సంవత్సరపు ఉత్తమ కారుగా దానిని ఎన్నుకొనిరి. ఆ పొగడ్తల మ్రోత ఆగకముందే ఇంజనులు తిరిగి రా నారంభించెను. 50,000 కిలోమీటర్లైనను తిరుగక కొనసీళ్ళు అరిగిపోవుచుండెను. పట్టణములో చలి ఇంజనుతో కొద్ది దూరములు తిరుగువారికి బాధ మరింత ఎక్కువ. ఊరి మేస్త్రీకి ఈ యంత్రము అపరిచితము. ప్లగ్గు చెడినదో సీలు చెడినదో తేల్చుకొనలేక ఇంజనునే దింపి పంపిన సందర్భములును కలవు. సంస్థ మారుమాటాడక మరియొక ఇంజను ఇచ్చుచుండెను. సీళ్ళ లోహమును తరువాత మెరుగుపరచిరి. కాని చెడిన పేరు లోహము మార్చినంత మాత్రమున మారదు గదా! 1969 లో ఎన్.ఎస్.యు. ఫోక్స్‌వాగన్ నీడకు చేరి ఆడి సంస్థతో కలిసిపోయెను. రో 80 మాత్రము 1977 వరకు తయారై, 37,000 పైచిలుకు కారులతో ముగిసెను. విసిగిన కొందరు యజమానులు రోటరీని తీసివేసి ఫోర్డువారి వి4 ఇంజనును అందులో బిగింపించుకొనిరి. దేహమును నిలుపుకొనుటకై ప్రాణమును మార్చుకొనుట అన్నమాట.

ఫ్రాన్సులో సిత్రోయెన్ సంస్థ మరియొక దారి త్రొక్కెను. 1973 లో జి.ఎస్. బిరోటర్ అను రోటరీ కారును తెచ్చి, 847 చేసి, రెండు సంవత్సరములలోనే ఆపివేసెను. ఇన్ని కొద్ది కారులకు విడిభాగములు సరఫరా చేయు బాధ్యత మోయలేక, చిక్కినన్నిటిని యజమానులనుండి తిరిగి కొని తుక్కు చేయించెను. అప్పు తీర్చుటకు బదులు అప్పుపత్రమును చింపివేయుట ఇది. ఇంటికి ఎవరు వచ్చి అడిగినను కారును అమ్మక దాచుకొన్న కొందరి చలువ వలననే అవి నేడు కొన్నియైన మిగిలినవి.

మూడవ దారి హిరోషిమాలో ఏర్పడెను. నేడు మజ్దా అను పేర వెలయుచున్న సంస్థ 1920 లో బెరడు బిరడాలు చేయుటకై పుట్టెను. టోయో కార్క్ కోగ్యో అని దాని నాటి పేరు. 1960 ప్రాంతమున జపాను ప్రభుత్వము చిన్న కారు సంస్థలను పెద్దవానిలో కలిపివేయ తలపెట్టుచున్న దినములవి. తమకంటు ఒక ప్రత్యేకత లేనిదే బ్రతుకు లేదని అధ్యక్షుడు మత్సుదా త్సునెజి తలచి, ఎన్.ఎస్.యు. తో ఒప్పందము కుదుర్చుకొనెను. తెచ్చుకొన్న ఇంజను నడిపి చూడగా, హౌసింగు లోపలి నునుపైన గోడపై అలలు అలలుగా గీతలు పడుచుండెను. వాటికి ఆ పనివారు పెట్టిన పేరు దయ్యపు గోళ్ళ గీతలు.

1963 ఏప్రిలులో యమమోతో కెనిచి నాయకత్వమున 47 మంది ఇంజనీర్లతో ఒక ప్రత్యేక శాఖ ఏర్పడెను. పశువుల ఎముకలతో సైతము సీళ్ళు చేసి చూచిరని చెప్పుదురు. తుదకు వారు కనిపెట్టిన దేమనగా, దోషము గట్టితనములో లేదు, కంపనములో ఉన్నది. తీగ మీటినట్లు కొనసీలు గోడపై అదరుచు గోటిగీతలు గీయుచున్నది. సీలు లోపల అడ్డముగాను నిలువుగాను రంధ్రములు తొలిచి దాని స్వరమును మార్చగా గీతలు తగ్గెను. ఆపైన కార్బనులో అల్యూమినియము చొప్పించిన సీలు తయారయ్యెను. అది కారునకు పనికివచ్చినది. 1967 మే 30న కాస్మో స్పోర్ట్ అమ్మకమునకు వచ్చెను. మరుసటి సంవత్సరము జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగున 84 గంటల పరుగునకు రెండు కాస్మోలను పంపగా, ఒకటి ఇరుసు విరిగి 82వ గంటలో ఆగినను, రెండవది నాలుగవ స్థానమున గమ్యము చేరెను. వాంకెల్ స్వదేశమునందే, వాంకెల్ ఇంజనుకు జపానువారు తెచ్చిన యోగ్యతాపత్రమిది.

ఇచ్చట ఒక చిన్న లెక్క చెప్పవలెను, ముందు పనికివచ్చును. మజ్దావారు తొలినాటి కారులలో రోటరు అడ్డుకొలతలను మార్చక, దళసరిని మాత్రము పెంచుచు పోయిరి. 60 మిల్లీమీటర్ల దళసరి గల రెండు రోటర్లు 982 సి.సి.; 70 మిల్లీమీటర్లయిన 1,146; 80 మిల్లీమీటర్లయిన 1,308. మొదటిది 10ఎ, రెండవది 12ఎ, మూడవది 13బి. ఈ మూడింటికి కుదురు ఒక్కటే. పునర్నిర్మాణము చేయువారికిని, తరువాత మార్పులు చేయువారికిని ఈ బంధుత్వము మేలు చేసెను.

1970 లో మజ్దా కారులు అమెరికా చేరెను. 1973 లో చమురు కరవు వచ్చిపడగా, గాలన్ల కొలది పెట్రోలు త్రాగు రోటరీ కారును చూచువారే లేకపోయిరి. సంస్థ కూలిపోవలసినదే, సుమితొమో బ్యాంకు ఆదుకొనెను. ఇంజను తిండిని 40 శాతము తగ్గింతుమని పూని ఇంజనీర్లు పనికి దిగిరి. ఆ కష్టకాలమున వారు అమెరికా పత్రికలలో చేసిన ఒక ప్రకటన మనకు ముఖ్యము. ఇంజను దిమ్మెకును లోపలి భాగములకును మూడు సంవత్సరములు లేక 50,000 మైళ్ళు, ఏది ముందైన అంతవరకు, పూచీ తమదేననియు, కారు చేతులు మారినను ఆ పూచీ వెంట వచ్చుననియు చాటిరి. ఎన్.ఎస్.యు.ను ముంచిన ప్రమాణమునే వీరును చేసిరి. అయితే వీరు మునుగలేదు. సీలు మెరుగుపడుట ఒక కారణము. తిరిగివచ్చిన ఇంజనును పారవేయక మరల అమ్మదగినదిగా చేయు పద్ధతి అమరుట, మా ఉద్దేశమున, దానికంటె తక్కువ కారణము కాదు.

పునర్నిర్మాణమన్న పదమును విన్నంతనే మన మనస్సునకు తోచునది బోరు చేయించుట. లారీ ఇంజను అరిగిన, సిలిండరును కొంచెము పెద్దదిగా తొలిపించి, ఓవర్‌సైజు పిస్టను వేయింతుము. బస్తీలలోని వర్క్‌షాపులవారికి అది కరతలామలకము. రోటరీ ఇంజనుకు ఈ వైద్యము చెల్లదు. హౌసింగు గోడ గుండ్రము కాదు, తొలుచు యంత్రమునకు లొంగుటకు. అది గణితశాస్త్రము గీసిన వక్రరేఖ. ఆ గోడకు పలుచని క్రోమియము పూత. పూతను అరగదీసిన పూతయే పోవును. ఓవర్‌సైజు రోటరు అనునది లోకములో లేదు. కావున ఇక్కడ పునర్నిర్మాణమనగా బాగుచేయుట కాదు, ఏరుట. ధాన్యము చెరిగి గింజను తాలును వేరుచేసినట్లు, నిలుచు భాగమును నిలువని భాగమును వేరుచేయుట.

ఇంజను చూచుటకు టిఫిను కారియరు వలె ఉండును. ముందు ప్రక్కపలక, ఒక హౌసింగు, నడిమి పలక, రెండవ హౌసింగు, వెనుక పలక ఈ అయిదింటిని గిన్నెల వలె ఒకదానిప్రక్క ఒకటి చేర్చి, పొడవైన బోల్టులతో బిగింతురు. బోల్టులు విప్పినచో గిన్నెలు విడివడును. అప్పుడు పరీక్ష. హౌసింగు అంచులయందు, ముఖ్యముగా ప్లగ్గుల సమీపమున, క్రోమియము పెచ్చులు లేచినదా? లేచిన దానికి మరుజన్మ లేదు. ప్రక్కపలకలు పోత ఇనుపవి. వాటిపై రోటరు ప్రక్క సీళ్ళు మెట్టువలె అరుగుదల చేయును. ఆ మెట్టు 0.10 మిల్లీమీటరు మించరాదు. పలక వంపు 0.04 మిల్లీమీటరు మించరాదు. వెంట్రుక దళసరికంటె తక్కువ కొలత అది! మించిన పలకను సానపట్టవచ్చును గాని, పైని గట్టిపరచిన పొర సానలో పోవును గనుక దానిని మరల గట్టిపరుపవలెను. రోటర్ల గాడులను, బేరింగులను కొలుతురు. రోటర్లపై బరువు తెలుపు అక్షరపు గుర్తులుండును. బరువు కుదిరిన జంటనే కూర్చవలెను. కొనసీళ్ళు, మూలసీళ్ళు, వాటి స్ప్రింగులు, నీటిని ఆపు రబ్బరు వలయములు మాత్రము కొత్తవే వేయుదురు.

ఈ విధముగా ఏరి కూర్చగా తయారైన ఇంజనులో ఒక ఊరి కారు రోటరును, మరియొక ఊరి కారు హౌసింగును, ఇంకొక చోటి ఇరుసును కలిసి కాపురము చేయును. దాని వయస్సు ఇంత అని చెప్ప వీలులేదు. కొలతలే దాని జాతకము. అందుచేతనే కర్మాగారపు ముద్ర గల ఇంజనుకు విలువ. ఎన్నో ఇంజనుల భాగములు ముందు పోసికొని మంచివి ఏరుకొనగల వసతి ఊరి షెడ్డువానికి ఉండదు. అతని ముందున్నది ఒక్క ఇంజను. అందులోని హౌసింగు చెడిన కొత్త దానికి డబ్బు పోయవలెను, లేదా కన్ను మూసికొని పాతదే బిగింపవలెను. కన్ను మూసికొన్న సందర్భములే ఎక్కువ.

అమెరికాలో మజ్దావారు ఇట్టి ఇంజనులను తమ డీలర్ల ద్వారా అమ్మిరి. పాత ఇంజనును అప్పగించినవానికి ఒక ధర, అప్పగింపనివానికి అంతకంటె పై ధర. పాత ఇత్తడిచెంబు ఇచ్చి కొత్తది కొనుటలో మన గృహిణులకు తెలిసిన న్యాయమే ఇది. అయితే కొనువాడు చూడవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. మొదటి ఇంజను ఏల చచ్చెనో తెలిసికొనక రెండవదానిని బిగించుట కాలువ కట్ట గండి పూడ్చక నీరు తోడినట్లుండును. విరిగిన సీలు తునకలు నూనెను చల్లార్చు కూలరులో చిక్కుకొని ఉండవచ్చును. దానిని మార్చనిదే అవి కొత్త బేరింగులకు చేరును. చల్లార్చు రేడియేటరు మూసికొనిపోయి ఉండవచ్చును. మండించు కాయిళ్ళు బలహీనమైన, మండని పెట్రోలు పొగగొట్టములోని శుద్ధియంత్రమునకు చేరి దానిని మూసివేయగా, వేడి వెనుకకు తన్ని ఇంజనును దహించును. ఇంకొకటి: ఈ ఇంజను సీళ్ళను తడుపుటకై కొద్దిగా నూనెను తానే కాల్చుకొనును. అది రోగము కాదు, స్వభావము. తెలియని యజమాని నూనె కొలత చూడక తిరిగి, తప్పు ఇంజనుపై మోపును.

పీడనపు పరీక్షయు వేరే. మామూలు గేజి పెట్టిన మూడు అరలలో బలమైన దాని లెక్కయే చూపి మోసపుచ్చును. ఒక్కొక్క అరకు వేరుగా, ఒక రోటరుకు మూడు చొప్పున ఆరు అంకెలు తీయవలెను. ఆర్.ఎక్స్.8 కారు ఇంజనుకు, స్టార్టరు నిమిషమునకు 250 చుట్లు త్రిప్పునపుడు, 830 కిలోపాస్కళ్ళు ప్రమాణము; 680 కంటె తగ్గినచో అది పనికిరాదు.

ఇక మార్పుల సంగతి. ఈ ఇంజనుకు కవాటములు లేవని చెప్పితిమి. ద్వారపు ఆకారమే కవాటపు పని చేయును. ద్వారము ముందుగా తెరచుకొని ఆలస్యముగా మూసికొన్నచో, పై వేగములయందు గాలి ఎక్కువ చొచ్చి శక్తి పెరుగును. కొత్త కవాటములు, కొత్త కామ్ ఇరుసు అక్కరలేదు. చిన్న గ్రైండరుతో పలకలోని ద్వారపు అంచును కొంత చెక్కిన చాలును. ఇంత సులభముగా ఇంజను గుణమును మార్చుకొను వీలు పిస్టను ఇంజనుకు లేదు. ఇరువది గుర్రములు గుప్పెడు ఇనుపపొడిలో దొరకుచున్నవనిన యువకుడైనవాడు ఊరకుండునా?

పందెములవారు ఈ వరమును పూర్తిగా వాడుకొనిరి. ప్రక్కపలకలను విడిచి, హౌసింగు గోడకే సూటిగా రంధ్రము పెట్టి గాలిని చొప్పించు ఏర్పాటు వారిది. 1979 లో డేటోనా 24 గంటల పందెమున ఆర్.ఎక్స్.7 తన తరగతిలో గెలిచి మొత్తములో అయిదవ స్థానము పొందెను. 1981 లో స్పా 24 గంటల పందెమును గెలిచెను. 1991 జూను 23న నాలుగు రోటర్ల 787బి కారు లమాన్ 24 గంటల పందెమున 362 చుట్లు తిరిగి ప్రథమ స్థానము పొందెను. ఆ పందెమును గెలిచిన మొదటి జపాను కారు అదియే. ఆ ఇంజను కొనసీళ్ళు పింగాణి జాతివి. దయ్యపు గోళ్ళ గీతలనుండి అంతవరకు నడచిన దూరము తక్కువది కాదు.

కాని పందెపు ఇంజనుకు ఆయుస్సు ఒక పందెము చాలును. కార్యాలయమునకు పోవు కారుకు చాలదు. ద్వారము పెద్దదైన కొలది మెల్లగా పోవునపుడు ఇంజను తడబడును, పెట్రోలు ఎక్కువ త్రాగును. చెక్కుడు హద్దు మీరినచో రోటరు మూలసీలు ద్వారములోనికి జారిపడును. అందుకే నేర్పరులు నడుమ సన్నని వంతెనవంటి ఇనుమును వదలి ఇరువైపుల చెక్కుదురు. ఇంకను లోతునకు పోయిన నీటి గదికి చిల్లి పడును. గాలిని బలవంతముగా కుక్కు టర్బో గల కారులలో ఆ ఒత్తిడిని పెంచుట మరింత అపాయకరము. ఇంధనము అకాలమున ప్రేలినచో కొనసీలు చిట్లును. ఆ తునక గోడపై క్రోమియమును గీరి, బయటికి పోవుచు టర్బో రెక్కలను కూడ పాడుచేసి పోవును. ఒక్క క్షణపు ప్రేలుడు వలన నష్టపడునది సీలు కాదు, హౌసింగు. హౌసింగునకు వైద్యము లేదని ముందే చెప్పితిమి.

ఇందుచేత పునర్నిర్మిత ఇంజనును కొన్నవారు రెండు తెగలైరి. బిగించి, నూనె చూచుకొనుచు, ఏమియు ముట్టక నడుపుకొనువారు ఒక తెగ. దానిని మంచి భాగముల మూటగా ఎంచి, ఇంటికి తెచ్చిన దినముననే విప్పి, ద్వారములు చెక్కి, తమ లెక్కన మరల కూర్చువారు రెండవ తెగ. ఈ రెండవవారిని మేము నిందింపము; ఈ ఇంజను నేడు బ్రతికియున్నదన్న వారి పట్టుదల కొంత కారణము. అయితే బోల్టు విప్పిన క్షణముననే కర్మాగారపు పూచీ ముగియును. రోట తల దూర్చి రోకటి పోటునకు వెరవరాదన్న సామెత వారికి ఎవరును చెప్పనక్కరలేదు. వారిలో చిక్కు వచ్చునది మధ్యరకమువారికే: పూచీయు కావలెను, ద్వారమును చెక్కవలెను, చెడినపుడు చెక్కలేదని చెప్పవలెను. ప్రక్కపలక విప్పిన తోడనే గ్రైండరు గీతలు సాక్ష్యము చెప్పును.

2003 లో వచ్చిన ఆర్.ఎక్స్.8 తో ఈ కథ మరల మొదటికి వచ్చెను. పొగను తగ్గించుటకై ఇందులో పొగద్వారమును హౌసింగు గోడనుండి ప్రక్కపలకలకు మార్చిరి. గాలి శుభ్రమయ్యెను గాని మసి లోపలనే నిలువజొచ్చెను. సీళ్ళకు చేరు నూనెయు చాలలేదు. ఇంజనులు బలహీనపడుచు తిరిగివచ్చెను. సంస్థ అమెరికాలో ఇంజను లోపలి భాగముల పూచీని 8 సంవత్సరములకు లేక 1,00,000 మైళ్ళకు పొడిగించెను. మార్చి ఇచ్చినవి పెక్కు పునర్నిర్మితములే. 2009 నమూనాలో ఒక్కొక్క హౌసింగునకు నూనె చిమ్ము నాళములను రెండునుండి మూడునకు పెంచిరి. 2012 లో ఆ కారు తయారీ ఆగెను.

అటుపిమ్మట పదునొకండు సంవత్సరములు రోటరీ కారు లేదు. 2023 లో హిరోషిమాలో మరల ఒక రోటరీ ఇంజను తయారయ్యెను: 830 సి.సి., ఒకే రోటరు. అది చక్రములను త్రిప్పదు, ఎమ్.ఎక్స్.30 అను విద్యుత్ కారులో బ్యాటరీకి విద్యుత్తు పుట్టించును. పాత ఆర్.ఎక్స్.7 కారులవారికొరకు సంస్థ కొన్ని విడిభాగములను తిరిగి తయారుచేయించి అమ్ముచున్నది. మంచి పాత హౌసింగులు నానాటికి అరుదగుచున్నవి. ఏరుటకు రాశి తరిగిపోయినపుడు ఏరి కూర్చు విద్య ఎట్లు సాగునో ఈ ఇంజనును నమ్ముకొన్నవారి నేటి దిగులు.

పెచ్చులు లేచి తిరస్కృతమైన హౌసింగును చాలమంది పారవేయలేరు. శుభ్రముగా కడిగి, నడుమ ముల్లులు బిగించి, గోడగడియారముగా చేసికొందురు. వాంకెల్ వక్రరేఖ ఆ విధముగా వారి ఇంటి గోడకెక్కును. దగ్గరకు పోయి చూచిన, లోపలి అంచున సన్నని గీతలు నేటికిని కనబడును.